కోత లేని వైద్యం, కోతలు పడ్డ శరీరాలు

(మహిళా కార్యకర్తల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అల్ట్రాసౌండ్ మీద మాట్లాడతానని చెప్పినప్పుడు ఈ సదస్సు నిర్వాహకులు లింగ నిర్ధారణ పరీక్షల గురించే అనుకున్నారు. అలా అనుకోవడం సహజం. మన ఉద్యమాల భాషలో ఆ మాటకున్న అర్థం అదే. స్కానింగ్ మిషన్ అంటే కడుపులో ఉన్నది ఆడపిల్ల అని చెప్పి, ఆ పిల్లను పుట్టనివ్వకుండా చేసే మిషన్. మొదట ఉమ్మనీటి పరీక్షల మీద, తర్వాత స్కానింగ్ మీద మన దేశంలో స్త్రీలు ఎంతో పోరాడారు. 1980లలో బొంబాయిలో మొదలైన ఆందోళన ఫలితంగా 1988లో మహారాష్ట్రలో చట్టం వచ్చింది. 1994లో పార్లమెంటు చట్టం చేసింది. అది అమల్లోకి రావడానికి 1996 జనవరి దాకా పట్టింది. సరిగా అమలు చేయించడానికి మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది, 2003లో సవరణలు తేవాల్సి వచ్చింది. ఈలోగా మిషన్లు చిన్న పట్టణాల దాకా చేరిపోయాయి. యంత్రం ముందు వచ్చింది. మన ప్రశ్న తర్వాత వచ్చింది.

ఇవాళ నేను మాట్లాడబోయేది అవే శబ్ద తరంగాలతో చేసే వైద్యం గురించి. ఇక్కడ మన ప్రశ్న ముందుగా వెళ్లే అవకాశం ఇంకా ఉంది. ఎందుకంటే ఇందులో చాలా భాగం ఇప్పటికీ ప్రయోగశాలల్లోనే ఉంది. అక్కడ రోజువారీ పని చేసేది పేరున్న ప్రొఫెసర్లు కాదు. పీహెచ్‌డీ విద్యార్థులు, రెండు మూడేళ్ల ఒప్పందం మీద ఉండే పోస్ట్ డాక్టరల్ పరిశోధకులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు. నేను భౌతికశాస్త్రం చదివినదాన్ని కాదు. నాది సమాజశాస్త్రం. విజ్ఞాన సంస్థల్లో స్త్రీల శ్రమ గురించి పని చేస్తూ, ఈ రంగంలోని యువ పరిశోధకురాళ్లతో మాట్లాడే అవకాశం నాకు కలిగింది. వాళ్లతో మాట్లాడాక నాకు స్పష్టంగా అర్థమైంది ఒకటి: ఆ యంత్రం రేపు ఎవరి శరీరానికి పనికొస్తుందో, ఎవరి శరీరానికి పనికిరాదో ఇవాళ ఆ ప్రయోగశాలల్లో నిర్ణయమైపోతోంది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించగలిగిన వాళ్లకు అక్కడ ప్రశ్నించే భద్రత లేదు. ఈ రెండూ ఒకే సమస్య.

శబ్దం వైద్యమైన కథ

ఎండలో భూతద్దం పట్టుకుని కాగితం కాల్చిన చిన్ననాటి ఆట మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అద్దం వేడెక్కదు, మధ్యలో గాలి వేడెక్కదు, కిరణాలన్నీ కలిసిన చోట కాగితం కాలుతుంది. మన చెవికి వినపడనంత హెచ్చు స్థాయి శబ్దాన్ని కూడా అలాగే ఒక చోటికి చేర్చవచ్చు. చర్మం మీద కోత పెట్టకుండా లోపలి గడ్డను మాత్రమే కాల్చవచ్చు. సాధారణ స్కానింగ్‌లో ఈ తరంగాలు చాలా బలహీనంగా ఉంటాయి, బొమ్మ చూపించి ఊరుకుంటాయి. వైద్యంలో వాటి బలం ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ బలాన్ని మనుషులు మొదట యుద్ధంలో చూశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో పాల్ లాంజెవిన్ జలాంతర్గాముల జాడ పట్టే పరికరం మీద పని చేస్తుంటే, ఆ తరంగాల దారిలో పడ్డ చేపలు చచ్చిపోయాయి. నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లకు నొప్పి పుట్టింది. 1942లో న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ తరంగాలను ఒక బిందువు దగ్గర చేర్చి కణజాలాన్ని దెబ్బతీయవచ్చని చూపించారు. 1950లలో ఇల్లినాయ్‌లో విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై అనే అన్నదమ్ములు మెదడులోకి వాటిని పంపే ప్రయత్నం చేశారు. అప్పట్లో పుర్రె ఎముక అడ్డు రాకుండా ఒక ముక్క తీసేసి గాని పంపలేకపోయారు.

మీలో చాలామంది మోకాళ్ల నొప్పికో భుజం నొప్పికో ఫిజియోథెరపీ సెంటర్‌లో జెల్ రాసి రుద్దే మిషన్ చూసే ఉంటారు. అదీ ఈ కుటుంబంలోదే. దశాబ్దాలుగా వాడుతున్నారు, కానీ చాలా నొప్పుల విషయంలో అది పని చేస్తుందనడానికి బలమైన రుజువులు లేవు. వాడకం విస్తరించినంత మాత్రాన వైద్యం రుజువైనట్టు కాదని మనం గుర్తుపెట్టుకోవాలి.

ఒక విద్యార్థిని కథ

ఈ రంగంలో పైకొస్తున్నవాళ్ల పని ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెప్తాను. 2000ల మొదట్లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెన్ షూ అనే పీహెచ్‌డీ విద్యార్థిని ఉండేది. వేడితో కాల్చకుండా, శబ్దం పుట్టించే సూక్ష్మమైన బుడగల తాకిడితో కణజాలాన్ని ద్రవంగా మార్చేయగలమా అన్నది ఆమె ప్రశ్న. పంది గుండె కణజాలం మీద ప్రయోగం చేసేది. యంత్రం చేసే చప్పుడు భరించలేక అదే ల్యాబ్‌లోని తోటివాళ్లు విసుక్కున్నారట. వాళ్లకు వినపడకుండా చేయడానికి ఆమె తరంగాలను పంపే వేగం పెంచింది. చప్పుడు బాధ తగ్గడం అటుంచి, ఫలితమే మెరుగైంది. నిమిషం లోపే ఆ కణజాలంలో రంధ్రం పడింది. ఆ పద్ధతినే ఇప్పుడు హిస్టోట్రిప్సీ అంటున్నారు. కాలేయంలోని కణితులకు దాన్ని వాడడానికి 2023 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అప్పటి విద్యార్థిని ఇప్పుడు అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్.

దీన్ని మేధావి కథగా చెప్పుకోవచ్చు. నేను మరోలా చదువుతాను. చప్పుడు గురించి ఫిర్యాదు వస్తే ప్రయోగం ఆపేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మార్చి చూసే వెసులుబాటు ఉంది. గురువు చార్ల్స్ కేన్ అండ ఉంది. ఏళ్ల తరబడి కొనసాగేందుకు నిధులు దొరికాయి. ప్రయోగశాలలో విద్యార్థికి ఉండే ఆ కాస్త స్వేచ్ఛ నుంచే రెండు దశాబ్దాల తర్వాత ఒక వైద్యం పుట్టింది. ఆ స్వేచ్ఛ లేని చోట ఎన్ని వైద్యాలు పుట్టకుండా పోతున్నాయో ఎవరూ లెక్క రాయరు.

గర్భసంచి దగ్గర మొదలు

ఎమ్మారై యంత్రంలో చూస్తూ ఈ తరంగాలతో చేసే వైద్యానికి ఎఫ్‌డీఏ మొదటి అనుమతి ఇచ్చింది 2004 అక్టోబరులో. అది గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ గడ్డలకు. అంతకుముందు బోస్టన్‌లో జరిగిన తొలి ప్రయోగాలలో రేడియాలజిస్టు క్లేర్ టెంపనీ, స్త్రీ వైద్య నిపుణురాలు ఎలిజబెత్ స్టూవర్ట్ ముందు వరసలో ఉన్నారు. స్త్రీల జబ్బు మీద, స్త్రీలు కూడా నాయకత్వం వహించి చేసిన పని ఇది. అది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయమే.

చికిత్స ఎలా ఉంటుందంటే, రోగి ఎమ్మారై యంత్రంలో బోర్లా పడుకుంటుంది. పొట్ట కింద నుంచి తరంగాలు వెళ్తాయి. ఒక్కో విడత కొన్ని సెకన్లు మాత్రమే, ఒక్కో విడతకు కాలేది చిన్న ముక్కే. మొత్తం పూర్తయ్యేసరికి మూడు నాలుగు గంటలు పడుతుంది. రోగికి పూర్తి మత్తు ఇవ్వరు. నొప్పి పుడితే ఆపేయడానికి ఒక మీట ఆమె చేతిలోనే పెడతారు. మన ప్రసూతి వార్డుల్లో అరిచినందుకు చెంపదెబ్బలు తిన్న స్త్రీల గురించి విన్నవాళ్లం మనం. చికిత్సను ఆపే అధికారం రోగి చేతిలో పెట్టవచ్చు అన్న ఆలోచనే మనకు కొత్తది.

ఇది మనకెందుకు ముఖ్యమో చెప్పనక్కరలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. తెల్లబట్ట అయిందని, నడుం నొప్పని, ఉంచితే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి, ముప్ఫై ఏళ్లకే గర్భసంచి తీయించిన కథలు మన గ్రామాల్లో ఇంటింటా వినిపిస్తాయి. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద 2013లో వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. అనవసర ఆపరేషన్లను పర్యవేక్షించే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలంది. ఇలాంటి చోట కోత లేకుండా, గర్భసంచి పోకుండా చేసే వైద్యం వస్తుందంటే మనకు ఆశ కలగాలి.

మచ్చ

కానీ ఇక్కడొక చిక్కుంది. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఆ చిక్కు గురించి చెప్పడానికే.

పొట్ట మీద పాత ఆపరేషన్ మచ్చ ఉంటే, ఆ మచ్చ దగ్గర తరంగాల శక్తి ఎక్కువగా పీల్చుకోబడుతుంది. చర్మం కాలే ప్రమాదం ఉంది. అందుకని తరంగాల దారిలో పెద్ద మచ్చలున్న స్త్రీలను తొలి ప్రయోగాల నుంచి మినహాయించారు. ప్రమాదం తప్పించాలన్న ఉద్దేశం సరైనదే. కానీ దాని అర్థం ఏమిటో మన లెక్కల్లో చూడండి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5 శాతం. అదే సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం. ట్యూబెక్టమీ కోత చిన్నదే కావచ్చు, సిజేరియన్ కోత చిన్నది కాదు. ప్రైవేటు ఆసుపత్రి లాభం కోసం పెట్టిన కోత ఒకటి, రాజ్యం జనాభా లక్ష్యం కోసం పెట్టిన కోత ఇంకొకటి. ఆ కోతలన్నీ భరించిన స్త్రీకి నలభై ఏళ్లకు ఫైబ్రాయిడ్ వస్తే, కోత లేని వైద్యం నీకు కుదరదమ్మా, గర్భసంచి తీసేద్దాం అంటారు. ముందు పడ్డ కోత మరో కోతకు దారి చూపిస్తుంది.

దీనికి పరిష్కారాలు లేవా? ఉన్నాయి. మచ్చ మీద తరంగాలను అడ్డుకునే పట్టీ అతికించడం, కోణం మార్చి పంపడం లాంటి పద్ధతుల మీద పని జరిగింది. కానీ అలాంటి పని ఎవరో ఒకరు కావాలని తలకెత్తుకుంటేనే జరుగుతుంది. ప్రయోగశాలలో మనిషి శరీరానికి బదులుగా జెలటిన్‌తోనో, మనం చైనాగ్రాస్ అనే అగర్‌తోనో ఒక ముద్ద పోత పోస్తారు. సాయంత్రం కూర్చుని ఆ ముద్ద తయారు చేసేది విద్యార్థే. ఆ ముద్దలో ఎవరైనా పెడితే తప్ప మచ్చ ఉండదు. మచ్చ లేని ముద్ద మీద లెక్కలు కుదురుతాయి, వ్యాసాలు తొందరగా అచ్చవుతాయి. ఆ విధంగా ఏ కోతా పడని శరీరం ప్రామాణిక శరీరం అయిపోతుంది.

ఒక యువ పరిశోధకురాలు నాతో అన్న మాట మీకు చెప్తాను. ఆమె పేరు, సంస్థ పేరు చెప్పను. "మేడమ్, మా అమ్మకు రెండు సిజేరియన్లు. అందుకే మచ్చ సమస్య మీద చేస్తానన్నాను. అది చిన్న విషయం, దాని మీద మూడేళ్లు పెడితే నీ థీసిస్ ముందుకు పోదు అన్నారు మా సార్. మళ్లీ అడగలేదు." ఆ గైడు దుర్మార్గుడని నేననను. ఆయన మీదా ఎన్ని వ్యాసాలు వచ్చాయన్న ఒత్తిడే ఉంది. కానీ తెలంగాణలో సగానికి పైగా తల్లుల పొట్ట మీద ఉన్న మచ్చ 'చిన్న విషయం' ఎలా అయ్యిందో ఆలోచించండి.

మచ్చ ఒక్కటే కాదు. చేతులు వణికే జబ్బుకు పుర్రె తెరవకుండా మెదడులోకి తరంగాలు పంపే చికిత్సకు 2016లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. వెంట్రుకల్లో గాలి చిక్కుకుంటే తరంగాలు సరిగా వెళ్లవు కనుక తల మొత్తం గొరిగించడం ఆ చికిత్సలో రివాజు. మగవాడికి అది నెల రోజుల అసౌకర్యం. ఆడమనిషికి? తిరుమలలో తలనీలాలిచ్చిన స్త్రీని ఎవరూ వేలెత్తి చూపరు. కానీ భర్త పోయిన స్త్రీకి గుండు చేయించిన చరిత్ర ఈ సమాజానిది. ఆ చరిత్ర తెలిసిన పరిశోధకురాలు జుట్టు ఉండగానే చికిత్స చేసే మార్గం వెతకడాన్ని అలంకారం సమస్యగా చూడదు.

నష్టపోయేది మనమొక్కరమే కాదు. అమెరికాలో 2003లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం 50 ఏళ్లు వచ్చేసరికి ఫైబ్రాయిడ్లు వచ్చేవాళ్లు తెల్లజాతి స్త్రీలలో దాదాపు 70 శాతం, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా. అదే దేశంలో 1977 నుంచి పిల్లలు పుట్టే వయసు స్త్రీలను మందుల తొలి ప్రయోగాలకు దూరంగా ఉంచే నిబంధన ఉండేది. స్త్రీల ఆరోగ్య ఉద్యమం అడిగి అడిగి 1993లో దాన్ని ఎత్తివేయించింది. జంతువుల మీద చేసే ప్రయోగాల్లో కూడా ఆడ మగ తేడాను లెక్కలోకి తీసుకోవాలని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ 2016లో గాని నియమం పెట్టలేదు.

ప్రశ్నించే భద్రత

ఇక ఆ ప్రశ్న అడగవలసిన అమ్మాయి పరిస్థితి చూద్దాం. ఆమె ఫెలోషిప్ గైడు సంతకం మీద ఆధారపడి ఉంటుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు చేశారు. అది కూడా విద్యార్థులు రోడ్డెక్కి ఆందోళన చేస్తేనే. ఆ డబ్బు నెలనెలా రాదన్నది పరిశోధక విద్యార్థులందరి అనుభవం. నెలల తరబడి ఆగి ఒకేసారి వస్తుంది. అప్పటిదాకా హాస్టల్ మెస్ బిల్లు ఎవరు కడతారు? ఇంటి నుంచి తెప్పించుకోగలిగిన వాళ్లు నిలబడతారు. దళిత, ఆదివాసీ కుటుంబాల నుంచి మొదటిసారి చదువుకోవడానికి వచ్చినవాళ్లు అప్పు చేస్తారు, లేదా మానేస్తారు. పటాన్‌చెరు దగ్గరి బస్తీలోనో భద్రాచలం తండాలోనో స్త్రీల శరీరం ఏమేం భరించిందో తెలిసిన అమ్మాయిలే ప్రయోగశాల నుంచి ముందు వెళ్లిపోతారు.

యూజీసీ 2016 నిబంధనల్లో పీహెచ్‌డీ స్త్రీలకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, రెండేళ్ల అదనపు గడువు ఇచ్చారు. 2022 నిబంధనలూ వాటిని ఉంచాయి. కాగితం మీద హక్కు ఉంది. కానీ సెలవు పెట్టిన ఆరేడు నెలల్లో ఆమె మొదలుపెట్టిన ప్రయోగం మరొకరి చేతికి వెళ్తుంది. వ్యాసం మీద ఆమె పేరు మూడోదో నాలుగోదో అవుతుంది. పోస్ట్ డాక్టరల్ ఒప్పందం రెండేళ్లదే అయితే కడుపుతో ఉన్నానని చెప్పడానికే భయపడతారు. రాత్రి పదింటికి యంత్రం ఖాళీ అవుతుంది కనుక రాత్రి పదింటికి పని. తిరిగి వెళ్లడానికి వాహనం ఉండదు. పని స్థలంలో లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది, అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీలో కూర్చునేది గైడు గారి సహోద్యోగులే అయినప్పుడు ఫిర్యాదు చేసే విద్యార్థిని పీహెచ్‌డీ పూర్తవుతుందా?

దీన్ని పై చదువులు చదివినవాళ్ల సమస్య అని మనం పక్కన పెట్టేస్తుంటాం. ఆ పొరపాటు చేయవద్దని మనవి. ప్రయోగశాలలో నోరు లేని స్త్రీకి, ఆపరేషన్ బల్ల మీద నోరు లేని స్త్రీకి సంబంధం ఉంది. మొదటి ఆమె 'మచ్చ సంగతి ఏమిటి?' అని అడగలేకపోయిన ఫలితం రెండో ఆమె అనుభవిస్తుంది.

మనకున్న అనుభవం

వైద్య ప్రయోగాల మీద ప్రశ్న వేయడం మన నేలకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ఇవ్వడానికి స్త్రీలను పోగు చేశారు. అది ప్రయోగమని వాళ్లకు తెలియదు. స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు వెళ్లి అడిగితే విషయం బయటపడింది. మరుసటి ఏడాది ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో ఎందరో ఆదివాసీ బాలికలకు సూదులు వేశారు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. మహిళా, ఆరోగ్య సంఘాలు అడిగాకే 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ రెండు సందర్భాల్లోనూ మనం సూది దగ్గరికి వెళ్లి అడిగాం. అడగడం సరైనదే, కానీ అప్పటికే ఆలస్యం. ఈసారి ప్రయోగశాల గుమ్మం దగ్గరే అడుగుదాం. అక్కడ మనకు శత్రువులే కాదు, మిత్రులూ ఉన్నారు.

ఏం చేయగలం?

చర్చ కోసం కొన్ని సూచనలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి. మన ప్రాంతంలో ఇలాంటి చికిత్స మీద ఎక్కడ ప్రయోగం జరిగినా, ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని ఎందుకు మినహాయించారు అన్న వివరం బయటపెట్టాలని అడగాలి. సిజేరియన్, ట్యూబెక్టమీ మచ్చలున్న స్త్రీల సంగతి ప్రత్యేకంగా అడగాలి.

రెండు. అంగీకార పత్రం తెలుగులో, ఆదివాసీ ప్రాంతాల్లో వాళ్ల భాషలో ఉండాలి. చదివి వినిపించాలి. మొదట 2004లో ఇచ్చిన అనుమతి పిల్లలు ఇక వద్దనుకున్న స్త్రీలకు మాత్రమేనన్న సంగతి గుర్తుంచుకుని, తర్వాత గర్భం విషయంలో ఏం తెలుసో ఏం తెలియదో డాక్టరు చెప్పేదాకా వదలకూడదు.

మూడు. ఎమ్మారై అవసరమైన ఖరీదైన వైద్యం కార్పొరేట్ ఆసుపత్రికే పరిమితమైతే, డబ్బున్నవాళ్లకు కోత లేని వైద్యం, పేదవాళ్లకు గర్భసంచి తీసివేత మిగులుతాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో దీని మీద పరిశోధన జరగాలని అడగాలి. అవసరం లేని గడ్డకు కూడా ఈ వైద్యం చేసి డబ్బు గుంజే కొత్త వ్యాపారం కాకుండా కూడా చూసుకోవాలి.

నాలుగు. పరిశోధన పేరు చెప్పి లింగ నిర్ధారణ చట్టాన్ని సడలించాలంటే ఒప్పుకోకూడదు. రిజిస్ట్రేషన్ పనులు భారమని యువ పరిశోధకులు కొందరు నాతోనూ అన్నారు. ఆ పని సంస్థ చేయాలి, విద్యార్థి నెత్తిన వేయకూడదు. చట్టం మాత్రం ఉండాలి. దాని శిక్షల నిబంధనలను సడలించాలన్న వైద్యుల సంఘం వాదనను 2019లో సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది.

ఐదు. పరిశోధక విద్యార్థినుల ఫెలోషిప్, ప్రసూతి సెలవు, అంతర్గత కమిటీ సమస్యలను మన సంఘాల ఎజెండాలో చేర్చాలి. కమిటీలలో బయటి సభ్యులుగా మనవాళ్లు చాలామంది ఉన్నారు. విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు వెళ్లి సంతకం పెట్టి రావడంతో సరిపెట్టుకోకుండా, ఆ అమ్మాయిలతో కూర్చుని మాట్లాడండి. వాళ్ల ప్రయోగం గురించి కూడా అడగండి. 'మా ఊళ్లో ఇంతమందికి ఈ మచ్చ ఉంది, నీ మిషన్ వాళ్లకు పని చేస్తుందా?' అని మనం అడిగితే అది ఆమెకు ఇబ్బంది కాదు, బలం. మహిళా సంఘాలు అడుగుతున్నాయని ఆమె తన గైడుకు చెప్పుకోగలుగుతుంది. నిధులిచ్చే వాళ్లకు రాయగలుగుతుంది. ఒంటరిగా అడిగితే 'చిన్న విషయం' అయిన ప్రశ్న వెయ్యిమంది తరఫున అడిగితే పరిశోధన అవుతుంది.

జిల్లాల నుంచి వచ్చిన మిత్రులకు ఒక విన్నపం. మీరు పని చేసే గ్రామాల్లో గర్భసంచి ఆపరేషన్ల వివరాలు సేకరిస్తున్నారు కదా, వాటితో పాటు అంతకుముందు ఎన్ని కోతలు పడ్డాయో కూడా రాయండి. ఏ వయసులో, ఏ ఆసుపత్రిలో, ఏ కారణం చెప్పి అన్నది రాయండి. ఆ కాగితాలు పరిశోధనశాలల్లోని అమ్మాయిల చేతికి చేర్చే బాధ్యత నాలాంటి వాళ్లం తీసుకుంటాం.